ముడి వేయకూడని చొక్కా

దేగు నగరం,
చెర్రీపూలు రాలిపోయిన వారం

సరిహద్దు కొండల్లో దేశాన్నీ, వంటశాలలో ఉల్లిపాయల్నీ సమాన నిష్ఠతో కాపలా కాస్తున్న చిన్నన్నయ్యకు,

ముందుగా ఈ ఉత్తరాన్ని నీకంటే ముందే విప్పి చదివే మీ సీనియరుగారికి నమస్కారాలు. అయ్యా, ఇందులో ప్రేమ సంగతులేమీ లేవు, కుట్టుపని ఉంది. ఇక్కడితో ఆపేస్తే మీకే మంచిది.

ఆయన వెళ్ళిపోయాడనుకుని అసలు సంగతి చెప్తాను. ఈ ఏడాది మూడో నెల రెండుసార్లు వస్తోంది. అధికమాసం. దేవుళ్ళందరూ సెలవు పెట్టేసి, భూమ్మీద ఎవరేం చేస్తున్నారో పట్టించుకోని నెల. పెద్దవాళ్ళకి పోయేనాటి బట్టలు, అంటే పోయాక ఒంటికి తొడిగేవి, బతికుండగానే కుట్టిపెట్టడానికి ఇంతకంటే మంచి అదను ఉండదు. కుట్టిపెడితే ఆయుష్షు పెరుగుతుందని కూడా అంటారు. పోయిన ఆదివారం నేను ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ అన్నం తింటూ, "ఈ నెల్లో నా బట్టలు కుట్టించేస్తున్నా" అంది, కోళ్ళగూడు బాగుచేయిస్తున్నా అన్నంత తేలిగ్గా. పెద్దన్నయ్యకి పొలమారింది. అమ్మ వాడికి నీళ్ళు అందిస్తూనే పని పంచేసింది. బట్ట ఎలాగూ సిద్ధంగా ఉంది. తొడమీద నారపోగులు పేని, ఎన్నో చలికాలాలు కూర్చుని తనే నేసుకున్నదాయె. పై అంగీ హామాన్ పెద్దమ్మకి. ఊళ్ళో ఎవరు పోయినా, ఎవరు పోబోతున్నా కత్తెర పట్టేది ఆవిడేగా. లంగా, పైజామా పక్కింటి అక్కచెల్లెళ్ళకి. మేజోళ్ళూ తలదిండూ ఆవలి వీధి వాళ్ళకి. లోపలి చొక్కా వదినకి.

లోపలి చొక్కా అన్నయ్యా! ఒంటికి తగిలేది. పైన ఎన్ని పొరలు వేసినా అమ్మని అంటిపెట్టుకుని వెళ్ళేది అదొక్కటే.

"మరి నాకు?" అన్నాను.

"నువ్వు సూదుల్లో దారం ఎక్కించు. ముసలాళ్ళం, మాకు కళ్ళు ఆనవు" అంది అమ్మ.

ఇరవై ఒక్కేళ్ళు పెంచి, విశ్వవిద్యాలయానికి పంపించి, చివరికి నాకు ఇచ్చిన పదవి ఇది. దారం ఎక్కించే శాఖ.

వదినంటే నాకు ద్వేషం లేదు. ఈ మాట భద్రంగా దాచుకో, రేపు విచారణలో పనికొస్తుంది. ద్వేషం ఉన్నవాళ్ళు సుఖంగా నిద్రపోతారు. నాది ఉత్త అసూయ. దానికి నిద్ర ఉండదు, ఆకలి మాత్రం బాగా ఉంటుంది. ఆవిడలో ఒక్క లోపం దొరికినా నేను బాగుపడేదాన్ని. ఆవిడ పెట్టిన కిమ్చీ పచ్చడి పొరుగూరి వాళ్ళు గిన్నె పట్టుకొచ్చి అడిగి తీసుకెళ్తారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దదై ఉండీ నన్ను 'అమ్మాయిగారూ, మీరు' అంటుంది. 'మీరు' అనే మనిషితో దెబ్బలాట ఎక్కడ మొదలుపెడతాం? అమ్మకి ఏ మోకాలు వానకి ముందు నొస్తుందో, ఏ మోకాలు వాన వెలిశాక నొస్తుందో ఆవిడకి తెలుసు. అమ్మకి ఎడమ చెవి సరిగా వినపడటంలేదని నాకు మొన్ననే తెలిసింది. అది కూడా ఆవిడే చెప్పింది. "కుడిపక్కకి వచ్చి మాట్లాడండి అమ్మాయిగారూ" అని, ఎంతో మెల్లగా. నేను అప్పటిదాకా పావుగంట నుంచీ ఎడమపక్కన కూర్చుని నా కాలేజీ కబుర్లు చెప్తున్నాను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఆదివారం సాయంత్రం బస్సుకి బయల్దేరబోతూ చెప్పులు తొడుక్కుంటున్నాను. లోపల్నుంచి అమ్మ "పాపా!" అని పిలిచింది. చిన్నప్పట్నుంచీ ఆ పిలుపు నాది. నా పేరులోనే నేను ఆఖరిదాన్నని రాసి ఉంది, నా తరవాత ఇంకెవరూ పాప కాకూడదు. ఒక చెప్పు చేత్తో పట్టుకునే "ఆఁ అమ్మా" అని పరిగెత్తాను. అమ్మ తల కూడా ఎత్తకుండా, "నిన్ను కాదే. మీ వదినని" అంది. వదిన వంటింట్లోంచి వచ్చి నాకు దారి ఇచ్చి, పక్కనుంచి వెళ్ళింది. అమ్మ ఆవిడ చెవిలో ఏదో అడిగింది, ఇద్దరూ నవ్వుకున్నారు. గేటు దాటుతుంటే హామాన్ పెద్దమ్మ ఎదురై, అప్పుడే వెళ్ళిపోతోందా పిల్ల అని అడిగింది. అమ్మ అరుగుమీంచి, "చదువుకునే పిల్ల కదా, చుట్టంలా వస్తుంది, పోతుంది" అంది. చుట్టం. బస్సులో దేగు దాకా ఆ మాటే నమిలాను.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఇది సైనిక రహస్యం, కాబట్టి సైనికుడికే చెప్తున్నాను. నిన్న పుస్తకం మర్చిపోయానని వంక పెట్టి మళ్ళీ ఇంటికి వెళ్ళి, అమ్మ బట్టచుట్టలోంచి ఒక చొక్కాకి సరిపడా ముక్క కత్తిరించి తెచ్చుకున్నాను. దొంగతనం అనకు, వారసత్వం అను. కొలతకోసం అమ్మ వేసవిలో వేసుకునే పాత చొక్కా ఒకటి కూడా సంచీలో వేసుకొచ్చాను. లోపలి చొక్కా నేనే కుడతాను. కుట్టే రోజున వదినది తీసేసి నాది పెట్టేస్తాను. అమ్మ ఒంటికి తగిలి వెళ్ళేది నా చేతి కుట్టే. ఎవరికీ తెలియనక్కర్లేదు. నాకు తెలిస్తే చాలు, నీకు తెలిసింది ఎలాగూ.

కుట్రదారు చెల్లెలు,
మల్హీ


దేగు,
అధికమాసం పూర్తికావస్తోంది

గాయపడని నా సైనికుడా,

విజయం. ముందు అది విను, తరవాత వివరాలు.

చొక్కా పూర్తిచేయడానికి నా ఆదివారాలన్నీ ధారపోశాను. ముడి వేయకుండా కుట్టడం అంటే ఏమిటో నీలాంటి తుపాకీగాళ్ళకి అర్థంకాదు. దారం చివర ముడి ఉండకూడదు, వెనక్కి తిరిగి కుట్టకూడదు. ముడి ఉంటే పోయిన మనిషి దారిలో చిక్కుకుంటుందని అమ్మా వాళ్ళ భయం. నేను కుట్టడం మొదలెట్టిన ప్రతిసారీ దారం వానపాములా జారి బయటికి వచ్చేసేది. చివరికి దాని బుద్ధి నాకు తెలిసింది, నా బుద్ధి దానికి తెలిసింది. ఇద్దరం సర్దుకున్నాం.

కుట్టే రోజు ఇంటికి వెళ్ళేసరికి వసారా నిండా చాపలు, చాపల నిండా ముసలమ్మలు. పొద్దు పొడవగానే మొదలుపెట్టి పొద్దు కుంకేలోపు అన్నీ ముగించాలి కదా, అమ్మ కంగారు చూడాలి. తన పోయేనాటి బట్టలకి తనే మేస్త్రీ. ఒకరికి బియ్యపు కల్లు పోస్తుంది, ఇంకొకరి కుట్టు వంకర అంటుంది, వంటింట్లో ఉప్పుచేప మాడుతోందని అక్కడికి పరిగెడుతుంది. హామాన్ పెద్దమ్మ పై అంగీ కత్తిరిస్తూ, అంత వెడల్పు వదులుతుంటే బట్ట ఎంత వృథా అవుతోందో అని నా ప్రాణం కొట్టుకుంది. ఆ ముక్కల్లో ఇంకో మనిషిని కుట్టొచ్చు.

"అక్కడికెళ్ళాక మా ఆయన కనిపిస్తే, ఇంకో ఇరవై ఏళ్ళదాకా నేను రానని చెప్పు" అంది పెద్దమ్మ అమ్మతో.

"నేను చెప్పను బాబూ. ఆ సంతోషానికి మళ్ళీ చచ్చిపోతాడు" అంది అమ్మ.

అందరూ చాపల మీద దొర్లి నవ్వారు. ఆ నవ్వుల మధ్య నేను నా శాఖ నిర్వహిస్తున్నాను. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం, మళ్ళీ ఎక్కించి ఇవ్వడం. మొదటి సూది పుచ్చుకుని పక్కింటి పెద్ద అక్క దీపం ముందు పట్టినట్టు ఎత్తి చూసింది. చివర ముడి ఉంది. బడిలో కుట్టు టీచరు స్కేలుతో కొట్టి నేర్పిన ముడి, చేయి తనంతట తనే వేసేసింది. ఒక ముసలమ్మ నాలుక కరుచుకుంది, ఇంకొకామె ఆ సూదిని వసారా బయటికి తీసుకెళ్ళి దారం లాగి పారేసింది. అమ్మ మాత్రం తాపీగా, "దాని చేతికి ముడి వేయడం ఒక్కటే వచ్చు" అంది. ఆ తరవాత నేను ఎక్కించిన ప్రతి సూదినీ అందరూ తడిమి చూసుకునేవాళ్ళు. వదిన ఒక్కతే చూడకుండా తీసుకుంది. అంత నమ్మకం చూపిస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇక ఆవిడ కుట్టు. నిజం చెప్పకపోతే ఈ కలం సిరా ఎండిపోతుంది కాబట్టి చెప్తున్నాను. చీమలు బారు కట్టినట్టు ఉంది. మధ్యలో ఆగింది లేదు, వంగింది లేదు. హామాన్ పెద్దమ్మ ఆ చొక్కాని వెలుతురుకి పట్టి, ఇంత చక్కటి చేతిని మా ఇంటికి కోడలిగా పంపించినవాళ్ళు ఎంత ఏడ్చి ఉంటారో అంది. అమ్మ దాన్ని తీసుకుని మడిచింది. ఊరికే మడిస్తే పోయేది, చెంపకి ఆనించుకుంది. ఒక్క క్షణమే. నేను దారం ఎక్కించబోయి సూదితో వేలు పొడుచుకున్నాను. రక్తం బట్టలమీద పడకూడదని నన్ను అవతలికి తరిమేశారు.

ఆ తరిమివేతే నాకు కలిసొచ్చింది. పొద్దు వాలేటప్పటికి పని ముగిసి అందరూ నూడుల్స్ తినడానికి లేచారు. కుట్టిన బట్టలకి పురుగు పట్టకుండా వాటిని సర్దిన పెట్టెలో పొగాకు వేసి రమ్మని నన్ను పంపించారు. గదిలో నేనొక్కదాన్నే. పెట్టె, పొగాకు, నా సంచీ. వదిన చొక్కా తీశాను, నాది పెట్టాను, మడత అచ్చం అమ్మ వేసినట్టే వేశాను. వచ్చి అందరికంటే ఎక్కువ నూడుల్స్ తిన్నాను. వదిన నా గిన్నెలో ఇంకో గరిటె వేస్తూ, "ఇవాళ బాగా అలిసిపోయారు అమ్మాయిగారూ" అంది. ఆవిడ కుట్టిన చొక్కా అప్పటికే నా సంచీ అడుగున ఉంది. ఆ గరిటె నూడుల్స్ మాత్రం సరిగ్గా మింగుడుపడలేదు.

జయించిన,
మల్హీ


దేగు,
వానాకాలం, గది గోడలకి బూజు

నీతులు చెప్పే అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. మొత్తం ఉత్తరం ఒక్క వాక్యం: 'వెంటనే వెళ్ళి వదినతో చెప్పెయ్.' సైన్యం నీలోని కవిని చంపేసింది. చెప్పను.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇల్లుగలావిడ గది కారుతోందేమో చూడటానికి వచ్చి, నా అలమారాలో నారబట్టతో కుట్టిన పోయేనాటి చొక్కా చూసింది. ఏమీ అడగలేదు. అప్పట్నుంచీ నా మొహం చూడగానే గొంతు తగ్గించి మాట్లాడుతోంది, రోజు విడిచి రోజు వేడి సూపు తెచ్చిపెడుతోంది. మా ఇంట్లో అందరూ బాగున్నారు అని చెబ్దామనుకుంటాను. సూపు చూశాక చెప్పబుద్ధికాదు.

ఆ చొక్కాని నేనూ తీరిగ్గా పరిశీలించాను. పరిశోధన ఫలితం విను, నీ ఆరాధ్యదేవత వదిన గురించి. అందులో ఇద్దరు అమ్మలు పడతారు. భుజాలు జారిపోతాయి, చేతులు వేళ్ళు దాటి వేలాడతాయి. దారం చివరలు వేలెడు పొడుగున వదిలేసింది, కత్తిరించడమే మర్చిపోయింది పాపం. నావి చూడు, కుట్టు చివర్లు ఎక్కడున్నాయో నాకే కనిపించనంత శుభ్రంగా కత్తిరించాను. నా చొక్కా అమ్మ పాత చొక్కా మీద పరిచి గీసింది, వెంట్రుకవాసి తేడా ఉండదు. పన్నెండేళ్ళుగా కూడా ఉంటున్న మనిషికి అమ్మ కొలత తెలియదు! దూరంగా ఉండే చుట్టానికి తెలిసింది. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. నీకు చెప్పుకున్నాను. ఇక సూపు తాగి పడుకుంటాను.

కొలత తెలిసిన,
మల్హీ


మన ఇల్లు, ఏడో నెల ఏడో నాడు,
పెరటి గడప మీద కూర్చుని

అన్నయ్యా,

ఇవాళ్టి ఉత్తరానికి బిరుదులు లేవు. నవ్వొచ్చే సంగతి కూడా చివర్లో వస్తుందేమో తెలియదు.

ఈ రోజు బట్టలూ పుస్తకాలూ ఎండలో పెడతారన్న సంగతి నేను మర్చిపోయాను. చూడు, చదువుకున్న బుర్ర. నిన్న సెలవులకి వచ్చాను, పొద్దున లేచేసరికి అమ్మ పెట్టె వసారాలోకి వచ్చేసి ఉంది. పోయేనాటి బట్టలు కూడా ఎండ చూడాలిగా. ఇల్లుగలావిడ మళ్ళీ చూడకూడదని వెంట తెచ్చుకున్న వదిన చొక్కా నా సంచీలో ఉంది. ఎవరూ చూడకుండా మళ్ళీ మార్చేద్దామని సంచీకోసం లోపలికి పరిగెత్తాను. సంచీ తెచ్చేలోపే హామాన్ పెద్దమ్మ, పక్కింటి అక్కచెల్లెళ్ళు వచ్చేశారు, తమ చేతిపని చూసుకోవడానికి. పెద్దమ్మ ఒక్కొక్కటీ దులిపి తీగ మీద వేస్తోంది. అంగీ, లంగా, పైజామా. తరవాత లోపలి చొక్కా చెయ్యి పట్టుకుని దులిపింది.

చెయ్యి ఆవిడ చేతిలో ఉండిపోయింది. మిగతా చొక్కా చాప మీద పడింది. దారం మాత్రం రెంటికీ మధ్య కొంచెంసేపు గాలిలో వేలాడి, అది కూడా జారిపోయింది.

ఇలాంటి బట్ట చినగడం మంచిది కాదు కదా. పెద్దమ్మ చొక్కా ఎత్తి భుజాల దగ్గర జానతో కొలిచింది, చంక దగ్గర కొలిచింది. ఆవిడ మొహం గట్టిపడింది.

"దారం చివర్లు ఎవరే కత్తిరించింది? అవి వదిలితేనే కదా కుట్టు నిలిచేది. ఈ కొలత చూడు. బతికున్న మనిషి కొలత. బిగుసుకుపోయిన చేతుల్ని ఇందులో ఎలా దూర్చమని?" అంది. ఇంత వెడల్పు ఎందుకు వదులుతారో నాకు అప్పుడు తెలిసింది, అన్నయ్యా. అందరి మధ్యా నిలబడి తెలుసుకున్నాను.

"ఇది ఎవరి పని?" అంది పెద్దమ్మ మళ్ళీ. లోపలి చొక్కా ఎవరికి అప్పగించారో అక్కడ అందరికీ తెలుసు. అందరూ వదిన వైపు చూశారు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటుండగానే వదిన ముందుకు వచ్చింది.

"నాదే పెద్దమ్మా. ఆ రోజు ఒంట్లో బాగోలేదు, తొందరతొందరగా కానిచ్చాను" అంది.

"నీ చెయ్యి ఇట్టా కుట్టదే."

"కుట్టింది పెద్దమ్మా. క్షమించండి" అని తల వంచుకుంది.

పెద్దమ్మ వదల్లేదు. అత్త పోయే దారి మీద ఇంత నిర్లక్ష్యమా అంది. పెళ్ళైన కొత్తల్లో చూపించిన శ్రద్ధ ఇప్పుడేదీ అంది. వదిన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అమ్మ చాప మీద పడిన చొక్కా తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నా వైపు చూడలేదు. ఊడిన చేతిని చొక్కాలో పెట్టి మడిచి, ఎండ ఎక్కువైంది ఇక లోపలికి తేండి అంది. అంతే.

వాళ్ళు వెళ్ళాక నేను వంటింట్లోకి వెళ్ళాను. వదిన ముల్లంగి తరుగుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డా ఆవిడ తరుగుతూనే ఉంది.

"అది నీది కాదని నీకు తెలుసు కదా?" అన్నాను.

"ఆ రోజే తెలుసు. నూడుల్స్ తిన్నాక పెట్టె మూయబోతూ చూశాను. నా కుట్టు నాకు తెలియదా అమ్మాయిగారూ."

"మరి ఎందుకు ఊరుకున్నావ్? ఇవాళ ఎందుకు ఆ తిట్లన్నీ తిన్నావ్?"

ఆవిడ కత్తి కింద పెట్టింది. "నలుగురిలో అత్తయ్య మిమ్మల్ని ఏమైనా అంటే మీరు మళ్ళీ సెలవులకి రారేమోనని. మీరు రాని ఆదివారం ఆవిడ గేటు వైపే తిరిగి కూర్చుంటుంది. అన్నం పెడితే తినదు, ఆకలి లేదంటుంది. వచ్చిన రోజున పొద్దున్నుంచీ మీ మీద అరుస్తూనే ఉంటుంది, రెండు గిన్నెలు తింటుంది." ముల్లంగి వైపు చూస్తూ అంది, "ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు తెలుసా. పాపా అంటుంది. పరాయి పిల్ల నొచ్చుకోకూడదని పిలిచే పిలుపు అది. మిమ్మల్ని 'ఏమే' అన్నప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో మీకేం తెలుసు."

చూశావా అన్నయ్యా. ఇన్నాళ్ళూ ఆవిడ కుట్టు చూసి కుళ్ళుకున్నాను, కిమ్చీ చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు ఆవిడ మంచితనం చూసి కూడా కుళ్ళుకోవాలి. పైగా ఆవిడ నన్ను చూసి కుళ్ళుకుంటోందట. నా అసూయకి ఇక నిలబడటానికి చోటేది?

అమ్మ పిలుస్తోంది. ఇద్దర్నీ రమ్మంటోంది. తరవాత రాస్తాను, బతికుంటే.

మల్హీ


మన ఇల్లు,
మిరపకాయలు ఎండబెడుతున్న రోజులు

సెలవు దొరకని నా అభాగ్యుడా,

బతికే ఉన్నాను. నువ్వు ఆత్రపడాలనే పది రోజులు ఆగి రాస్తున్నాను.

మేం వెళ్ళేసరికి అమ్మ గది మధ్యలో కూర్చుని ఉంది, ముందు నా చొక్కా, ఊడిన చెయ్యి. కూర్చోమనలేదు. "రెండోది తే" అంది నాతో. నేను సంచీలోంచి వదిన కుట్టిన చొక్కా తీసి పెట్టాను. అమ్మ దాన్ని పక్కకి జరిపింది.

"నా కొలత నీకెక్కడిది?" అంది.

"నీ పాత చొక్కా ఒకటి తీసుకెళ్ళాను."

"మెడ దగ్గర మాసిక ఉన్నదా? ఒసే, దానికోసం నేను వేసవంతా వెతికాను. కుక్క ఎత్తుకెళ్ళిందని పక్కింటి కుక్కని రాయి పెట్టి కొట్టాను."

నాకు నవ్వు వచ్చింది. రాకూడని సమయం. నవ్వు వెనకాలే ఏడుపు కూడా వచ్చేసింది. రెండూ కలిసి ముక్కులోంచి చప్పుడు చేశాయి. అమ్మ ఆ చప్పుడు అయిపోయేదాకా ఆగింది. ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాను, జవాబు కూడా తయారుచేసుకున్నాను. అడగలేదు. నేనే చెప్పాను. ఒంటికి తగిలేది నాది కావాలనిపించిందని, కుడి చెవి వైపుకి వెళ్ళి మరీ చెప్పాను.

అమ్మ నా చొక్కా తీసి తొడుక్కుంది. ఒక చెయ్యి ఉంది, ఒక చెయ్యి లేదు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. మెడ సరిగ్గా కూర్చుంది. లేచి అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది, సంత నుంచి కొత్త చొక్కా కొనుక్కొచ్చుకున్న పడుచుపిల్లలాగా.

"దీన్ని నేను పోయాక తొడగాలంటే నా భుజం విరగ్గొట్టాలి. బతికున్న నాకైతే సరిపోయింది" అంది. తరవాత ఆ ఊడిన చేతిని నా ఒళ్ళోకి విసిరింది. "ముడి వేసి కుట్టు. గట్టిగా వెయ్యి. మీ వదిన కుట్టింది నేను పోయాక కదా వేసేది, అప్పుడు ఎవరు కుట్టారో నాకు కనపడి చస్తుందా? ఇది రేపు మిరపతోటకి వేసుకెళ్తాను."

కుట్టాను అన్నయ్యా. మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ప్రతి కుట్టు చివరా ముడి మీద ముడి వేశాను. పాత కుట్లు కూడా విప్పి మళ్ళీ ముడులతో కుట్టాను. బడిలో మా కుట్టు టీచరు చూస్తే ఆనందంతో స్కేలు విరగ్గొట్టేది.

వదిన కథ మిగిలి ఉంది. ఆ రోజు అమ్మ నాతో పని ముగించి ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ వెంటనే, తప్పు నాదే అత్తయ్యా అని మళ్ళీ మొదలుపెట్టింది.

"నోర్ముయ్యి దొంగమొహమా. నలుగురి ముందూ నిలబడి అబద్ధం చెబుతావా? నీకు నోరు లేదా? నా కూతురు తప్పు చేస్తే మొయ్యడానికి నువ్వు గాడిదవా? ఆ ముసలిది నిన్ను అన్ని మాటలంటుంటే నా కడుపు మండిపోయింది" అంది అమ్మ. ఇంకా చాలా అంది. నేను అన్నీ రాయను, మీ సీనియరుగారు కొత్త తిట్లు నేర్చుకుంటారు.

వదిన తలవంచుకుని విన్నది. బయటికి వచ్చాక చూస్తే చెవుల దాకా ఎర్రబడి, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. ఆ సాయంత్రం పెద్దన్నయ్యకి చెప్పింది. మర్నాడు పక్కింటి అక్కచెల్లెళ్ళకి చెప్పింది, "అత్తయ్య నన్ను దొంగమొహమా అన్నారు" అని, ఎవరో బంగారం పెట్టినట్టు. ఆ బిరుదు నాది. పుట్టిన దగ్గర్నుంచీ నేను మోసుకొస్తున్నది. ఇప్పుడు అందులో కూడా వాటా పెట్టింది. నేను చిరునవ్వుతో భరిస్తున్నాను, లోపల మాత్రం మిరపకాయలు నూరుతున్నారు.

హామాన్ పెద్దమ్మ దగ్గరికి నేనే వెళ్ళి నిజం చెప్పాను. నా చెవి పట్టుకుని మెలిపెట్టి, వదినకి ఒక బుట్ట పీచ్ పళ్ళు పంపించింది. నాకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. వదిన చొక్కా పొగాకుతో పాటు పెట్టెలో ఉంది. దాని పని దానికి చాలా ఏళ్ళ తరవాత ఉంటుంది, అప్పటిదాకా పడుకోనీ.

అమ్మ మాత్రం నా చొక్కా విడవట్లేదు. తోటకి అదే, సంతకి అదే. చెమటతో రంగు మారిపోయింది, మోచేతి దగ్గర మిరపచెట్టుకి పట్టుకుని చిరిగింది. మెడ గీసుకుంటోందని, కుడి చెయ్యి పొడుగని రోజూ సణుగుతుంది. సణుగుతూనే రాత్రి ఉతికి ఆరేసుకుని పొద్దున్నే తొడుక్కుంటుంది. ఇలాగైతే నువ్వు సెలవుకి వచ్చేసరికి అది గుడ్డపీలికలైపోతుంది. పోనీ. నిన్ననే ఇంకో ముక్క కత్తిరించాను, ఈసారి అడిగే. మెడపట్టీ తను కుడతానని వదిన బతిమాలుతోంది. ఇవ్వను. కావాలంటే దారం ఎక్కించమన్నాను.

మిరపఘాటుకి తుమ్ముతూ,
మల్హీ